నౌక మనది, విమానం మనది, ఇంజను ఎవరిది?

గత సంవత్సరం మా విద్యార్థులతో విహారయాత్రకై విశాఖపట్నం వెళ్ళినప్పుడు రామకృష్ణా బీచి ఒడ్డున కురుసుర జలాంతర్గామిని చూశాము. 2001లో నౌకాదళ సేవ నుండి విరమించి, 2002 నుండి ప్రజల సందర్శనార్థం ఇసుక మీద నిలిచిపోయిన ఆ ఉక్కు తిమింగలంలోనికి తల వంచి ప్రవేశించి, తల ఎత్తకుండానే బయటపడ్డాము. దానికి ఎదురుగా 2017 నుండి టుపొలేవ్ 142 అనే భారీ నిఘా విమానం కొలువు తీరి ఉన్నది. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్క ఇంజనుకు ఎదురెదురు దిశలలో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. పిల్లలు లెక్కపెట్టి మొత్తం ఎనిమిదని తేల్చారు. ఆ సంబరంలో ఉండగా బి.యస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు మా దగ్గరకు వచ్చి, "సార్, ఈ రెండింటిలో మన దేశంలో తయారైనది ఏది?" అని అడిగాడు.

రెండూ సోవియట్ యూనియన్‌లో తయారైనవేనని చెప్పాము. "అది పాతకాలం. ఇప్పుడు మనకు సొంత విక్రాంత్ ఉన్నది, సొంత తేజస్ ఉన్నది" అని కొంత గర్వంగా కూడా అన్నాము. వాడు ఒక క్షణం ఆలోచించి, "వాటి ఇంజన్లు కూడా మనవేనా సార్?" అన్నాడు. మేము అందరికీ టీ ఇప్పించి మాట మార్చాము.

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి యుద్ధవిమానాలతో పనియేమని మా సహాధ్యాపకులు నవ్వవచ్చు. పని ఉన్నది. ఈ నౌకలకూ విమానాలకూ పేర్లు పెట్టినది మా వర్గం వారే గదా! విక్రాంత్, విరాట్, మరుత్, తేజస్, కావేరి, ఎంత చక్కని పేర్లు! నామకరణంలో మనకు సాటి వచ్చే దేశం లేదు. అయితే పేరు పెట్టినంత మాత్రాన బిడ్డ మనదవుతుందా అన్నదే ఆ విద్యార్థి ప్రశ్నలోని సారాంశం. దానికి సమాధానం వెతుకుతూ కొన్ని నెలలుగా చదివిన సంగతులను, మాకు తోచిన అభిప్రాయాన్ని విద్యార్థి మిత్రుల ముందూ, కళాశాల కమిటీ పెద్దల ముందూ ఉంచుతున్నాము.

విశాఖ ఒడ్డునే మొదలుపెడదాము. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి తెల్లవారి 4వ తేదీ అయ్యేలోపల ఆ సముద్రంలో ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి సిబ్బంది సమస్తంతో మునిగిపోయినది. మన రాజ్‌పుత్ నౌక వదలిన బాంబులవల్ల మునిగినదని మన నౌకాదళం వారు అంటారు; అది పరచదలచిన మందుపాతరలే పేలి మునిగినదని పాకిస్తాన్ వారు అంటారు. ఆ తగవు మనకు ఇప్పుడు అక్కరలేదు. ఘాజీ వెతుక్కుంటూ వచ్చినది విక్రాంత్ అనే మన విమానవాహక నౌకను. అది విశాఖలోనే ఉన్నదన్న భ్రమ కలిగించి, నౌకను అండమాన్ దీవుల చాటున దాచారు. ఘాజీనే ఎందుకు పంపారంటే, పాకిస్తాన్ వద్ద ఉన్న తక్కిన జలాంతర్గాములకు అరేబియా సముద్రం నుండి బంగాళాఖాతం వరకు వచ్చి పనిచేయగల దూరశక్తి లేదు. ఘాజీ మాత్రం పెద్దది. అది 1944లో అమెరికాలో జలప్రవేశం చేసినది. అప్పటి పేరు డయాబ్లో, అనగా స్పానిష్ భాషలో దయ్యం. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చి ఘాజీ అయినది. ఆ మాటకు అర్థమేమిటో మా ఉర్దూ విభాగం మిత్రులను అడిగితే చెప్పుతారు. దయ్యాన్ని ధర్మవీరుడిగా మార్చడానికి ఒక బోర్డు, కొంత రంగు సరిపోయినవి.

మన పక్షాన మాత్రం? నాటి విక్రాంత్ బ్రిటన్ తన కోసం హెర్క్యులిస్ అన్న పేరుతో మొదలుపెట్టి, సగంలో ఆపివేసిన నౌక. మనం కొని పూర్తి చేయించి 1961లో నౌకాదళంలో చేర్చుకొన్నాము. దాని మీది సీ హాక్ విమానాలు బ్రిటిష్‌వి, అలిజే విమానాలు ఫ్రెంచివి. యుద్ధం నాటికి దాని బాయిలర్లలో ఒకటి పగిలి ఉండగా తగ్గిన వేగంతోనే చిట్టగాంగ్ మీదికి విమానాలను పంపినది. అదే డిసెంబరు 9న అరేబియా సముద్రంలో మన ఖుక్రీ నౌకను పాకిస్తాన్ హంగోర్ జలాంతర్గామి ముంచివేసినది. ఖుక్రీ బ్రిటన్‌లో కట్టినది, హంగోర్ ఫ్రాన్స్‌లో కట్టినది. ఇనుము అంతా పరాయిది. అందులో మునిగిపోయినవారు మాత్రం ఇరువైపులా స్వదేశీయులే.

ఆ యుద్ధం ముగియవచ్చిన దశలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ అనే అణుశక్తి విమానవాహక నౌకను బంగాళాఖాతంలోనికి పంపించాడు. బరువులో మన విక్రాంత్ దానిలో నాలుగవ వంతు కూడా ఉండదు. వెనువెంటనే సోవియట్ నౌకలు దాని జాడను అనుసరించాయి. ఎవరూ ఒక్క గుండు పేల్చలేదు. నౌకాబలం అంటే ఇదే. సైన్యం ఒక దేశపు సరిహద్దు దాటితే దండయాత్ర అవుతుంది. నౌక మాత్రం ఎవరికీ చెందని నీటిలో నిలబడి, నోరు మెదపకుండానే తన మాట వినిపించగలదు. అందువల్లనే పెద్ద రాజ్యాలు వేలకోట్లు పోసి ఈ తేలే విమానాశ్రయాలను కట్టుకొంటాయి.

అయితే ఈ బలం కొన్నవారిది అవుతుందా, అమ్మినవారి దగ్గరే ఉండిపోతుందా? దీనికి 1982 నాటి ఫాక్‌లాండ్ యుద్ధం చక్కని పాఠం. దక్షిణ అట్లాంటిక్‌లోని ఆ దీవులను అర్జెంటీనా ఆక్రమించగా, వాటిని తిరిగి పట్టుకొనడానికి బ్రిటన్ ఎనిమిదివేల మైళ్ళ దూరం నౌకలను నడిపించినది. మే 2న బ్రిటిష్ అణు జలాంతర్గామి కాంకరర్ అర్జెంటీనా క్రూయిజరు బెల్‌గ్రానోను ముంచగా 323 మంది మరణించారు. అప్పటినుండి అర్జెంటీనా విమానవాహక నౌక రేవు విడిచి పోరుకు రాలేదు. కాని తీరం నుండి ఎగిరిన సూపర్ ఎటెండార్డ్ విమానాలు మే 4న ఎక్సోసెట్ క్షిపణితో బ్రిటిష్ నౌక షెఫీల్డును కొట్టాయి. 20 మంది పోయారు; కొన్నాళ్ళకు నౌకా మునిగినది. మే 25న మరొక ఎక్సోసెట్‌కు అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకుల నౌక, అందులోని పెద్ద హెలికాప్టర్లు ఆహుతి అయ్యాయి. బ్రిటిష్ నౌకాదళం గుండె ఝల్లుమన్నది.

ఆ విమానమూ క్షిపణీ రెండూ ఫ్రాన్స్‌వే. అర్జెంటీనా పద్నాలుగు విమానాలు కోరగా యుద్ధం నాటికి అందినవి అయిదు. విమానం నుండి ప్రయోగించే ఎక్సోసెట్లు కూడా అయిదే. యుద్ధం మొదలు కాగానే ఫ్రాన్స్ అమ్మకం ఆపివేసినది. పెరూకు పోవలసిన క్షిపణులను సైతం, దారి మళ్ళి అర్జెంటీనా చేరవచ్చునన్న అనుమానంతో నిలిపివేసినది. మరొక అయిదు ఉన్నట్లయితే యుద్ధం ఎటు తిరిగేదో ఊహించుకొనవచ్చును. బ్రిటన్‌కు మాత్రం అమెరికా నుండి సరికొత్త సైడ్‌వైండర్ క్షిపణులు అందాయి. వాటిని మోసిన సీ హారియర్ బ్రిటిష్ వారి సొంత విమానం. తన ఇంజను వాయుధారను కిందికి మళ్ళించి ఉన్నచోటనే లేవగల, దిగగల విచిత్రమైన యంత్రం. గగన యుద్ధంలో శత్రు విమానానికి చిక్కి ఒక్క సీ హారియర్ కూడా కూలలేదు. ఆ యుద్ధంలో బ్రిటిష్ సేనాని ఎక్కిన హెర్మెస్ నౌకనే మనం తరువాత కొని, 1987లో విరాట్ అని పేరు పెట్టి, 2017 వరకు వాడుకొన్నాము. నామకరణం మళ్ళీ మనదే!

"అరువు సొమ్ములు బరువు చేటు" అని మన పెద్దలు ఊరకే అనలేదు. ఇరాన్ షా అమెరికా నుండి 79 ఎఫ్-14 విమానాలు తెప్పించుకొన్నాడు. అప్పటికి ప్రపంచంలో అంతటి నౌకాదళ యుద్ధవిమానం మరొకటి లేదు. 1979లో విప్లవం వచ్చినది, విడిభాగాలు ఆగిపోయినవి. అటుపైన ఒక విమానాన్ని విప్పి మరొకదానికి అతుకు వేస్తూ ఆ దేశపు మెకానిక్కులు దశాబ్దాల తరబడి వాటిని ఎగిరించుకొన్నారు. వారి నేర్పుకు సలాము చేయవలసిందే. 2006లో అమెరికా తన ఎఫ్-14లను విరమింపజేసిన తరువాత, వాటి భాగాలు ఎక్కడ ఇరాన్‌కు చేరునోనని అమ్మకుండా తుక్కు చేయించినది. మన పొరుగు దేశమైన పాకిస్తాన్ సంగతి మరీ విచిత్రం. 1990లో ఆంక్షలు రాగా, అది డబ్బు చెల్లించిన 28 ఎఫ్-16 విమానాలు అమెరికా ఎడారిలోనే ఉండిపోయాయి. 1998లో తగవు తీరినప్పుడు సొమ్ములో కొంత నగదుగాను, కొంత గోధుమలు మొదలైన సరుకుల రూపంలోను ముట్టినది. విమానం కొనబోయి గోధుమలు తెచ్చుకొన్న కథ పంచతంత్రంలో కూడా లేదు. అమెరికాకు కూటమి మిత్రదేశమైన టర్కీ ఎఫ్-35 తయారీలో భాగస్వామి అయి కూడా, రష్యా నుండి ఎస్-400 క్షిపణులు కొన్నందుకు 2019లో ఆ పథకం నుండి వెలి అయినది. స్నేహం, శత్రుత్వం, మతం, కూటమి, ఏదీ కొనుగోలుదారును కాపాడినట్లు కనబడదు.

ఇక మన మరుత్ కథ. ఇది కొంచెం నిదానంగా చెప్పుకొనవలసినది. రెండవ ప్రపంచయుద్ధంలో ఫోకె-వుల్ఫ్ 190 విమానాన్ని రూపొందించిన జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్, యుద్ధానంతరం అర్జెంటీనాలో కొంతకాలం పనిచేసి, 1956లో బెంగుళూరులోని హిందుస్తాన్ విమాన కర్మాగారానికి వచ్చాడు. ఆయనా మన ఇంజనీర్లూ కలసి తయారుచేసిన మరుత్ 1961 జూన్ 17న ఆకాశానికి ఎగసినది. ఐరోపా, అమెరికా, సోవియట్ యూనియన్ల వెలుపల ఒక ఆసియా దేశం ధ్వనివేగాన్ని మించే జెట్ విమానానికి గురిపెట్టడం నాడు సామాన్య సాహసం కాదు. ఆకృతి అందంగా కుదిరినది. నడిపినవారు దాని నడకను మెచ్చుకొన్నారు. లోపించినదల్లా ఇంజను ఒక్కటే.

టాంక్ దానిని బ్రిస్టల్ సంస్థవారి ఆర్ఫియస్ 12 అనే శక్తిమంతమైన ఇంజను వస్తుందన్న నమ్మకంతో గీశాడు. ఆ ఇంజనును తమ అవసరానికి అనుకొన్న పశ్చిమ దేశాలు వద్దనుకొన్నాయి. భారతదేశం ఖర్చు భరిస్తే పూర్తి చేస్తామని బ్రిటిష్ వారు అన్నారు. మన ప్రభుత్వం వెనుకాడినది. ఆ మిగుల్చుకొన్న సొమ్ము ఎంత ఖరీదైనదో తరువాత తెలిసింది. నాట్ అనే చిన్న విమానానికి వాడే ఆర్ఫియస్ 703 ఇంజన్లు రెండింటిని మరుత్‌లో అమర్చి సరిపెట్టారు. ధ్వనిని మించవలసిన విమానం సమతలంలో ఎగిరేటప్పుడు ధ్వనివేగాన్ని అందుకొనలేకపోయినది.

అప్పుడు మన దృష్టి ఈజిప్టు మీదికి పోయినది. అది నెహ్రూ, నాసర్‌ల అలీన స్నేహకాలం. హెల్వాన్‌లో మెసర్‌స్మిట్ రూపకల్పన చేసిన హెచ్.ఎ. 300 అనే విమానమూ, దానికి బ్రాండ్‌నర్ అనే ఆస్ట్రియన్ తయారుచేసే ఇ-300 ఇంజనూ రూపొందుతున్నాయి. వారికి విమాన పరీక్షకుడు కావాలి, మనకు ఇంజను కావాలి. 1964లో ఆ ఈజిప్టు విమానాన్ని మొదటిసారి ఎగిరించినవాడు మన వాయుసేన అధికారి కపిల్ భార్గవ. 1967లో ఒక మరుత్‌ను ఈజిప్టుకు పంపి, దానిలో ఒకవైపు ఇ-300 ఇంజను బిగించి ఎగిరించి చూశారు. ఆ వేసవిలోనే ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చి ఈజిప్టు చితికిపోయినది. 1969లో పథకం మూతపడినది. మరుత్‌లు 147 తయారయ్యాయి. 1971లో రాజస్థాన్ ఎడారిలో నేలకు తగులుతూ ఎగిరి మంచి పేరు తెచ్చుకొన్నాయి. 1990 నాటికి అన్నీ విరమించాయి. ఒక మరుత్, ఒక హెచ్.ఎ. 300 ఇప్పుడు జర్మనీలో మ్యూనిక్ సమీపాన ఉన్న ష్లైస్‌హైమ్ విమాన ప్రదర్శనశాలలో ఒకే కప్పు క్రింద ఉన్నాయి. రెండు బీద దేశాల పెద్ద ఆశలు చివరకు అక్కడ పొరుగిళ్ళవారయ్యాయి.

ఇది గతం అని త్రోసివేయడానికి వీలులేదు. తేజస్ 2001 జనవరి 4న ఎగిరినప్పుడు దానిలో ఉన్నది అమెరికా వారి జనరల్ ఎలక్ట్రిక్ ఇంజను. అంతకుముందు 1998లో పోఖ్రాన్ పరీక్షలు జరిగినప్పుడు, ఆ విమానపు నియంత్రణ వ్యవస్థపై అమెరికాలో పనిచేస్తున్న మన ఇంజనీర్లను వెనుకకు పంపివేశారు. వారు బెంగుళూరు వచ్చి మిగిలిన పని తామే పూర్తి చేశారు. ఇంజను విషయంలో మాత్రం అట్లా కాలేదు. 1989లో మంజూరైన కావేరి ఇంజను చాలినంత తోపుడు బలం ఇవ్వలేక 2008లో తేజస్ పథకం నుండి తప్పుకొన్నది. కావేరి ఇంకా సముద్రం చేరలేదన్న మాట. 2021లో 99 ఇంజన్లకు అమెరికా సంస్థతో ఒప్పందం కుదిరితే వాటిలో మొదటిది 2025 మార్చిలో అందినది. ఈసారి ఆంక్షలు కూడా లేవు, వారి కర్మాగారపు చిక్కులే కారణం. మన విమానాల దేహాలు గుండెల కోసం ఎదురుచూస్తూ వరుసలో నిలిచాయి. తేజస్ నౌకారూపం 2020 జనవరిలో విక్రమాదిత్య నౌకపై చక్కగా దిగినది. అయినా బరువుకు తగిన బలం లేదని నౌకాదళం దానిని స్వీకరించక, 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ నుండి 26 రఫేల్ విమానాలకు సంతకం చేసినది. పొట్టి నౌక మీదినుండి ఎగిరే విమానానికి పరుగు తక్కువ. తీగ పట్టి ఆపే కుదుపుకు కాళ్ళు బలంగా ఉండాలి, అంటే బరువు పెరగాలి. ఆ భారమంతా తిరిగి ఇంజను మీదనే పడుతుంది.

ఇంజను ఎందుకింత కష్టం? మేము భౌతికశాస్త్ర అధ్యాపకులను విసిగించి తెలుసుకొన్నది ఇది. జెట్ ఇంజనులో మండిన వాయువు టర్బైన్ రెక్కలను తాకి తిప్పుతుంది. ఆ వాయువు వేడి, ఆ రెక్కను చేసిన లోహం కరిగే వేడిని మించి ఉంటుంది. కరగవలసిన రెక్క కరగకుండా నిమిషానికి వేలసార్లు తిరగాలి. అందుకని రెక్క లోపల సన్నని దారులు పెట్టి చల్లగాలి పంపుతారు. పైన పింగాణి వంటి పూత పూస్తారు. అన్నింటికీ మించి, రెక్క మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. సామాన్య లోహం చిన్న చిన్న రేణువుల కూర్పు. వేడిలో అది రేణువుల అంచుల వెంట సాగి చిట్లుతుంది. ఒకే స్ఫటికమైతే అంచులే ఉండవు. ఈ విద్య తెలిసిన దేశాలను చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చును. అంత ధనమున్న చైనా కూడా తన యుద్ధవిమానాలను చాలాకాలం రష్యా ఇంజన్లతోనే నడిపినది. నకలు తీయడానికి విమానపు ఆకారం కనబడుతుంది. లోహం లోపలి అమరిక కనబడదు.

నిరాశ పడవలసిన పనిలేదని చెప్పడానికి మన హైదరాబాదు నుండే ఒక ఉదాహరణ ఉన్నది. కొత్త విక్రాంత్‌కు కావలసిన ప్రత్యేకమైన ఉక్కు మొదట రష్యా నుండి రావలసి ఉండినది. అది రాలేదు. అప్పుడు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహశోధన ప్రయోగశాల వారు ఉక్కు ప్రాధికార సంస్థతో కలసి ఆ ఉక్కును ఇక్కడే రూపొందించారు. 2005లో కొచ్చిన్‌లో మొదటి రేకు కోశారు. 2022 సెప్టెంబరు 2న 262 మీటర్ల నౌక దళంలో చేరినది. ఇప్పుడు మన యుద్ధనౌకలకు ఆ ఉక్కే వాడుతున్నారు. రష్యావారు సమయానికి పంపి ఉంటే ఈ ఉక్కు పుట్టేదా అని మాకు అనుమానం. ఆ ప్రయోగశాలే 2021లో హెలికాప్టరు ఇంజను కోసం 60 ఏకస్ఫటిక రెక్కలను తయారుచేసి ఇచ్చినది. విక్రాంత్‌ను నడిపే నాలుగు గ్యాస్ టర్బైన్లు మాత్రం ఇప్పటికీ జనరల్ ఎలక్ట్రిక్ వారి నమూనావే.

ఇంత చెప్పినందుకు మమ్మల్ని యుద్ధప్రియులని ఎవరూ అనుకొనరాదు. తుపాకీ కంటే రొట్టె ముఖ్యమనే వాదన మాకు తెలుసు, దానిని గౌరవిస్తాము. కాని ఆయుధం ఎలాగూ కొంటూనే ఉన్న దేశానికి ఆ వాదన పూర్తిగా చెల్లదు. రొట్టె సొమ్ము పోనే పోతున్నది. దానితోపాటు, ఎవరితో స్నేహం చేయాలో, ఎప్పుడు నోరు మూసుకొనాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ కూడా కొంత పోతున్నది. ప్రపంచంలో అన్నీ ఎవరికివారే చేసుకొనడం సాధ్యం కాదు, చౌకగా దొరికేది కొనుక్కొనడమే వివేకం అని మా వాణిజ్యశాస్త్ర మిత్రులు అంటారు. బియ్యానికి, చక్కెరకు అది నిజమే. అవి అమ్మినవాడు తినేవాడిని మధ్యలో ఆపలేడు. ఇంజను అమ్మినవాడు ఆపగలడు.

ఇప్పుడు కమిటీ పెద్దలకు ఒక మనవి. బి.యస్సీ. భౌతిక, రసాయన శాస్త్రాల శాఖలో ఈ సంవత్సరం చేరినవారు తొమ్మండుగురే అని, ఖర్చు గిట్టడం లేదని, వచ్చే సంవత్సరం నుండి ఆ శాఖను ఎత్తివేసి కంప్యూటర్ కామర్సులో మరొక తరగతి తెరవాలని ఆలోచన జరుగుతున్నట్లు విన్నాము. లెక్కలు చూచేవారికి ఆ ఆలోచన తప్పుగా తోచదు. మా తెలుగు శాఖ పరిస్థితి కూడా అంతకంటే గొప్పగా లేదు గనుక ఈ మాట స్వార్థం కొద్దీ అంటున్నామని అనుకొన్నా సరే, అనకుండా ఉండలేము. ఆర్ఫియస్ ఇంజను ఖర్చును మిగుల్చుకొన్న పెద్దలు కూడా లెక్కలు సరిగానే చూచారు. కంచన్‌బాగ్ ప్రయోగశాల మన కళాశాలకు ఒకటిన్నర గంట బస్సు ప్రయాణం. మన పిల్లలలో దాని గేటు బయటనుండి అయినా చూచినవారు ఎందరు? రామేశ్వరంలో పడవ నడుపుకొనే ఇంటి నుండి వచ్చిన అబ్దుల్ కలామ్ 1982లో హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలకు అధిపతిగా వచ్చారు. ఆయన డిగ్రీ చదివినది భౌతికశాస్త్రమే. శాఖను మరి మూడేళ్ళు నిలుపవలెనని, ఆ తొమ్మండుగురిని ఒక్కసారి కంచన్‌బాగ్‌కు తీసుకొనిపోవడానికి అనుమతికోసం కళాశాల పక్షాన లేఖ వ్రాయవలెనని కోరుతున్నాము. బస్సు ఖర్చులో మా వంతు మేము ఇస్తాము.

విశాఖలో ప్రశ్న అడిగిన విద్యార్థి ఆ తొమ్మండుగురికి ఒక తరగతి పైవాడు. ఏకస్ఫటికం అంటే ఏమిటో చూపించమని తన అధ్యాపకుని వెంటపడ్డాడు. ఆయన ఒక గాజు గ్లాసులో మైలతుత్తం ద్రావణం పోసి, దారానికి నలుసంత స్ఫటికం కట్టి వేలాడదీసి, కదపకుండా పెట్టమన్నారు. మొదటిసారి ఎవరో బల్లను తగిలి ద్రావణం పాడయినది. రెండవసారి పిల్లవాడే గ్లాసుకు చీటీ అంటించి, ప్రయోగశాల కిటికీలో మూలకు జరిపాడు. నిన్న మేము వెళ్ళి చూచాము. నీలంగా, అంచులు తీరి, చింతగింజ పరిమాణానికి వచ్చినది.